మల్లికార్జునయ్య నడుము

10 మార్చి 1961

ఉగాది చొక్కాకి కొలతలు ఇవ్వడానికి మల్లికార్జునయ్య షాపుకి వచ్చాడు. ఆయన కోసమే దాచిన స్పెషల్ టేపు తీశాను. దాని మధ్యలో ఎనిమిది అంగుళాల గుడ్డముక్క అతికించి ఉంది. ఆ ముక్కను వీపు వైపుకి తిప్పితే ఎంత కళ్ళున్నవాడికీ కనబడదు. ముప్పై నాలుగు అని గట్టిగా చదివాను. ముఖం మతాబులా వెలిగింది. ఇరవై రెండేళ్ళ కిందట పెళ్ళి కోటు కుట్టినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతేనని కుందుర్పి బజారంతా చెప్పుకుంటూ పోయాడు.

అసలు నడుము నలభై రెండు. రెండేళ్ళకోసారి ముక్కను కొంచెం పెంచుతూ వస్తున్నాను. మూడో క్లాసులో నా పలక పగలగొట్టినవాడు. ఇంత తియ్యటి పగ ఎవడు తీర్చుకుంటాడు?

అల్లా చూస్తున్నాడని దాదాబీ అంది. చూసి నవ్వుతూంటాడు అన్నాను. నా పెళ్ళానికి హాస్యం తక్కువ.

2 ఏప్రిల్

చింతపండు మూట పక్కకి జరపబోయి మల్లికార్జునయ్య తన అంగట్లోనే కూలబడ్డాడట. శాంతమ్మ మొగుణ్ణి బస్సులో కళ్యాణదుర్గం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

3 ఏప్రిల్, సాయంత్రం

చూడ్డానికి వెళ్ళాను. అంతా శాంతమ్మే చెప్పింది. మిషను ఎక్కిస్తే తొంభై రెండు కిలోలు. పెళ్ళినాడు ఎంత ఉండేవాడివని డాక్టరు అడిగాడట. ఐదు మణుగులన్నాడట. అంటే యాభై ఏడు కిలోలు. నీ వయసు నలభై ఏడే కానీ ఈ గుండెకీ ఊపిరికీ అరవై ఐదు అన్నాడట. ఈ రోజు ఎంత తూగుతున్నావన్నది ఒక్కటే చూస్తే చాలదట, పాతికేళ్ళ వయసు నుంచి ఎంత ఎక్కించుకుంటూ వచ్చావో దాన్నిబట్టి కూడా ఒళ్ళు ముసలిదవుతుందట. దించకపోతే రెండేళ్ళకి మించి మాట ఇవ్వలేనన్నాడట.

ఇది చెప్తూ శాంతమ్మ కళ్ళు తుడుచుకుంది. రోగి మాత్రం నవ్వాడు. సర్కారోళ్ళు మణుగులు తీసేసి కిలోలు తెచ్చినారు, అంకె పెరగకుండా యాడికి పోతాది? అంగుళం మారలేదు గదప్పా! లాలూ టేపు ముప్పై నాలుగే అంటాండాది, వాణ్ణే అడగండి అన్నాడు.

చింతపండుకైతే మణుగుకి ఎన్ని కిలోలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. తన ఒంటికి వచ్చేసరికి ఆ లెక్క రాదు.

అందరూ నా వైపు చూశారు. నేను, ఈ లాల్ అహమ్మద్‌ని, మెడలో టేపు తీసి జేబులో కుక్కుకున్నాను. నా ఎదురుగానే రెండో బెల్లం ఓళిగ మీద నెయ్యి పోయించుకుని తిన్నాడు.

4 ఏప్రిల్

స్పెషల్ టేపు తీసి గుడ్డముక్క కత్తిరించబోయి, మళ్ళీ మడిచి పెట్టాను.

6 ఏప్రిల్

చెప్పేశాను.

రెండు టేపులూ పట్టుకుపోయి గల్లాపెట్టె మీద పక్కపక్కన పరిచాను. శాంతమ్మ కూడా ఉంది. మంచి టేపుతో కొలిచి నలభై రెండు అన్నాను. మల్లికార్జునయ్య గుడ్డముక్కను వేళ్ళతో తడిమి చూశాడు. తరువాత లేచాడు. నేను సస్తే పాడె మీద గూడా ఇదే టేపు ఏసి ముప్పై నాలుగంటాంటివేమ్రా అన్నాడు. గొడుగు అందుకున్నాడు.

నేను పరుగు లంకించుకున్నాను. పది అడుగులు తరిమి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. నా స్నేహితుడికి పది అడుగులే మిగిలాయి.

7 ఏప్రిల్

తిట్టడానికి వచ్చిందనుకున్నాను శాంతమ్మని. లాలన్నా, పెండ్లయినంక ఆయప్ప ఉరికింది నిన్ననే సూసినా, రేపు గూడా రా అని చెప్పి వెళ్ళిపోయింది.

8 ఏప్రిల్, ఉదయం ఆరు

వాళ్ళింటి ముందు నిలబడి వేలంపాట వాడిలా అరిచాను. మల్లికార్జునయ్య నడుము నలభై రెండో! నలభై రెండో! ఎదురింటి తిప్పయ్య వేపపుల్ల నోట్లోంచి తీసి నవ్వాడు. అంతే, గొడుగు బయటికొచ్చింది. ఇరవై అడుగులు.

12 ఏప్రిల్

పోస్టాఫీసు దాకా.

3 మే

మసీదు మలుపు దాకా వచ్చాడు. మొదట్లో ఒక తిట్టుకి మూడుసార్లు ఊపిరి తీసుకునేవాడు. ఈ రోజు నా ఏడు తరాలనీ ఒక్క ఊపిరిలో కడిగేశాడు. ఫస్టు క్లాసు!

శాంతమ్మ ఓళిగలు మానేసింది. కొర్రన్నం, ఉలవచారు. ఆ కోపం కూడా ఆయనకి నా మీదే.

19 జూన్

జ్వరం. వెళ్ళలేదు. ఆరున్నరకి తలుపు దబదబా మోగింది. దాదాబీ తీసింది. గొడుగుతో మల్లికార్జునయ్య. ఏమమ్మా, నీ మొగుడు సచ్చినాడా, బతికే ఉంటే బయటికి రమ్మను, తన్నాల అన్నాడు. జ్వరమని చెప్తే గొణుక్కుంటూ పోయాడు. మధ్యాహ్నం ఇంటికి శొంఠి పంపించాడు.

14 ఆగస్టు

కళ్యాణదుర్గం నుంచి నేరుగా షాపుకి వచ్చారు, మొగుడూ పెళ్ళామూ. డెబ్బై ఎనిమిది కిలోలు. బ్లడ్ ప్రెషర్ దిగింది. ఈ గుండె ఇప్పుడు నీ వయసు వైపు నడుస్తోందని డాక్టరు వీపు తట్టాడట. ఏ మందు వాడావని అడిగితే, ఒక దర్జీ నా కొడుకు అని చెప్పాడట.

కొలవమన్నాడు. టేపు వెనక వైపు శాంతమ్మ చేత పట్టించాడు, అంగుళం అంగుళం చూసుకోమన్నాడు. ముప్పై ఏడు. నా సర్వీసులో ఇంత గట్టిగా ఏ అంకెనూ చదవలేదు. బజారు చివర బండివాడు కూడా తిరిగి చూశాడు.

3 సెప్టెంబరు

ఊరి బయటి కొండ మొదట్లో నన్ను పట్టుకున్నాడు. నా కాలరు ఆయన పిడికిట్లో. నాకు ఆయాసం, ఆయనకి లేదు. రేపట్నుంచి నేను ముందు ఉరుకుతా, చాతనైతే పట్టుకోరా ముసలోడా అన్నాడు.