‘వద్దు’ తర్వాత నా ఫొటో

అక్కా,

ఫోనులో చెబితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకని రాస్తున్నాను. ఇక మీదట నీ బుడ్డదానికి మాటలు నేర్పే పని నేను చెయ్యను. నువ్వు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దవిగా రాశాను. బావ చేత చదివించుకోకు.

శుక్రవారం మా సెంటర్లో, నువ్వు పాఠం గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు జరిగింది. దాని బొమ్మల అట్ట తెలుసుగా, మాటకు బదులు వేలు పెట్టి చూపించడానికి నీళ్ళు, బుడగలు, అమ్మ, ఇంకా కావాలి, వద్దు అని బొమ్మలు, ఓ పక్క నా ఫొటో అతికించినది. ఎదురింటివాళ్ళు చూస్తారని నువ్వు ఇంటికి పట్టుకెళ్ళవు. ఆ రోజు బుడగల సీసా పై అరలో పెట్టి, అది అడిగేదాకా ఆగాను. మా పద్ధతే అంత. కావలసింది చేతికి అందకుండా ఉంచితే పిల్లలకు అడిగే అవసరం వస్తుంది. అది బుడగల బొమ్మ జోలికి పోలేదు. ‘వద్దు’ మీద వేలు పెట్టి, తర్వాత నా ఫొటో మీద పెట్టింది. పొరపాటేమోనని అట్ట తలకిందులుగా తిప్పాను. వెతుక్కుని మళ్ళీ ఆ రెండే చూపించింది.

మా పెద్ద మేడంకి చెప్పాను.

“పిన్ని వద్దట మేడం.”

“రెండు బొమ్మలు కలిపి చూపించిందా?”

“చూపించింది.”

“అలా రెండు కలిపి చెప్పించాలనేగా ఇన్నాళ్ళూ నీ తిప్పలన్నీ. టీ ఇప్పించు.”

నేనూ నవ్వాను. తర్వాత వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. అప్పటికే బుడ్డది మేడం పక్కన చతికిలబడి, బుడగల బొమ్మ చూపించి అడుగుతోంది.

ఈ పనిలోకి రాకముందు నేను మీ ఇంటికొస్తే అది చంక దిగేది కాదు, నా సంచీ అంతా నేల మీద పోసేది. దాని పాఠం నేను మొదలుపెట్టాక మీ వంటింట్లో కూడా అది అడిగేదాకా అరటిపండు పైకెత్తి పట్టుకునే నిలబడ్డాను. ఎత్తుకోవడానికి కూడా అడిగించుకున్నాను. మిగతా పిల్లలు మా గది దాటితే పాఠం అయిపోతుంది. దానికి అవ్వలేదు.

సొంతవాళ్ళకి మనం పాఠం చెప్పకూడదని మేడం మొదట్లోనే అన్నారు. “నువ్వుండగా పరాయివాళ్ళెందుకే, మనింట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివేగా” అన్నావు నువ్వు. ఆ మాట వినడానికి బావుండి ఒప్పుకున్నాను.

దాన్ని ఏమీ అనకు. ఐదేళ్ళకి తన మనసులో ఉన్నది ఎవరూ అడగకుండా చెప్పింది. చెప్పినా మనం వినలేదనుకుంటే, రేపు కడుపునొప్పి వచ్చినా ఆ అట్ట ముట్టుకోదు. నాకు బాధగా ఉంది, అది వేరే సంగతి.

ఆదివారం వస్తాను. ఏమీ నేర్పను. నా దగ్గరికొస్తే ఎత్తుకుంటాను, రాకపోతే నీతో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంటాను.

మేడం దగ్గర పొద్దుటిపూట ఖాళీ ఒకటే ఉంది. అది మనకు కావాలో లేదో ఈ నెల పదిహేనులోగా చెప్పాలి. ఉత్తరంతో పాటు అట్ట కూడా పంపుతున్నాను, మేడం ఫొటో అతికించాను. అట్ట బుడ్డదాని ముందు పెట్టి, మేడం కావాలో వద్దో దాన్నే అడుగు. అది ఏది చూపిస్తే అదే పదిహేనులోగా నాకు రాయి.

నీ చెల్లి