లాఠీలు కింద వెట్టిచ్చిన జర్నల్ సాబ్

జర్నల్ సాబ్,

నువ్వు పోయి చాన యేండ్లాయె. నిన్న నా మనుమరాలు కోరుట్ల ఠాణాల ఎస్సైగ చేరింది. గీ ముచ్చట నీకు చెప్పాలనిపిచ్చింది.

నువ్వు రుద్రంగి దిక్కు దొరల కొడుకువు. గుర్రాల ఫౌజుల చేరినవ్. గుర్రాలు పోయి ట్యాంకులొస్తే అవీ నేర్చుకున్నవ్. లడాయిల ఫౌజును నడిపే జర్నల్‌వయినవ్. రిటైరయినంక సర్కారు నిన్ను పోలీసులకు పెద్దను చేసింది. అయినా మావోళ్లు నిన్ను జర్నల్ సాబ్ అనే పిలిచేది.

గప్పుడే మా సిరిసిల్లల బట్టలు నేసే సాంచెలు బందయినయ్. కూలి పెంచాలని మా నాయిన అందరికంటె ముందట ధర్నాకు కూసున్నడు. పోలీసులు లాఠీలు లేపినంతల నీ జీపచ్చింది.

"కింద వెట్టుండ్రి" అన్నవ్. లాఠీలన్నీ కిందికి దిగినయ్. నువ్వచ్చి మా నాయిన పక్కపొంటి మట్టిల కూసున్నవ్.

"అంత లడాయి చేసినోనివి, మా మీద చెయ్యెందుకు లేపలేదు సాబ్?" అని మా నాయిన అడిగిండు.

"ఆడ ఎదురుంగ దుశ్మన్ ఉండె. గీడ అందరు నా దిక్కోళ్లే. ఎవలిని కొట్టమంటవ్ చెప్పు?" అన్నవ్.

పొద్దుగూకేదాక ఆడనే ఉండి సాంచెల సేట్లను పిలిపిచ్చి కూలి పెంచెతందుకు ఒప్పిచ్చినవ్.

నిన్న గిదంత చెప్తుంటె మనుమరాలు టోపీ తీసి ఒళ్లె వెట్టుకోని విన్నది.

"ముత్తాతకు దెబ్బలు తాకలేదా అమ్మమ్మా?" అన్నది.

ఒక్కటి గూడ తాకలేదు సాబ్. మా నాయిన గా దినం నడుసుకుంట ఇంటికచ్చిండు. నా పెండ్లి చేసిండు. ముసలితనంల గీ పోరిని ఎత్తుకోని పేరు వెట్టిండు.