కాలు తీసి రమ్మన్నారు

జులై 12

ఈ నోట్‌బుక్ ఎవరి చేతికైనా చిక్కితే ముందే చెబుతున్నాను, తప్పులుంటాయి. ఏడో తరగతితో ఆగిపోయాను. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, మన్నించాలి. మా ఆయన పెట్టుడు కాలు రోజూ ఎన్ని గంటలు తొడుగుతున్నారో రాసిపెట్టమని పూణె డాక్టర్ గారు చెప్పారు. అందుకోసం కొన్న పుస్తకం ఇది. మనుషులతో మాట్లాడాలంటే నాకు గొంతు రాదు. అందుకే మిగిలిన జాగాలో ఇవన్నీ రాసుకుంటున్నాను.

ఈరోజు ఆరు గంటలు. చైతన్యపురి మెట్రో దాకా కర్ర లేకుండా వెళ్ళి వచ్చారు. వచ్చి, ఏందే, నా నడక కవాతు లెక్క లేదా అని నవ్వారు. బార్డర్‌లో మందుపాతర పేలి మోకాలి కింద కాలు పోయి మూడేళ్లు. ఆ నవ్వు చూసి కూడా అంతే అయింది.

జులై 14

పట్టాభి గారు వచ్చారు. లీడర్ గారి మనిషి. ఇరవై ఆరున కార్గిల్ దినం, ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు, మాజీ సైనికులకు సన్మానం అట. మాకిది ఐదోసారి. ఇంట్లో నాలుగు శాలువాలున్నాయి. ఒకటి కిటికీకి కట్టాను.

మొదటి శాలువా రోజున లీడర్ గారు నన్ను చూపించి మైకులో, మా చెల్లెకు అటెండర్ నౌకరి నేనిప్పిస్త అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అడగలేదు. కానీ ఆశ పెట్టుకున్నాను. మా ఆయన సెక్యూరిటీ పనికి ఎక్కడికెళ్లినా కాలు సంగతి తెలిసి వద్దంటున్నారు మరి. ఫైలు ఎక్కడుందన్నా అని ఆయన అడిగితే, మూవ్ అవుతోందండీ, ఈసారి స్టేజీ మీదే సార్‌కి గుర్తుచేద్దాం అన్నారు పట్టాభి గారు.

వెళ్తూ గుమ్మంలో ఆగారు. మీరేమీ అనుకోవద్దు సైదులు గారూ, ఆరోజు కాలు తీసేసి వస్తే బావుంటుంది, ప్యాంటు వేసుకుంటే మామూలు మనిషిలా ఉంటున్నారు, ఫోటోలో ఏమీ తెలియట్లేదు, వీల్‌చైర్ మేమే తెస్తాం అన్నారు.

వంటింట్లోంచి అన్నీ విన్నాను.

జులై 15

మామూలు మనిషిలా ఉండటానికే కదా ఆయన ఏడాదిపాటు రక్తం కారేలా నడక నేర్చుకున్నది.

జులై 20

ఆయన ఒప్పుకున్నారు. జరసేపటి పనే కదనే, నీకు నౌకరి వస్తది అన్నారు. నా కోసం అట. నాకొద్దన్నాను. గట్టిగా అన్నాననుకున్నాను, ఆయనకు వినపడనే లేదు. ఇంటి ఓనరు శేషారత్నం గారికి చెప్పుకుంటే, గవర్నమెంటు ఉద్యోగం ఊరికే వస్తుందా, కాస్త సర్దుకోవాలి అమ్మాయ్ అన్నారు. ఏం సర్దుకోవాలి? చీర కుచ్చిళ్లా?

ఇంకో భయం కూడా ఉంది. పెట్టుడు కాలు తీసేసి, మిగిలిన కాలు చాలాసేపు వేలాడేస్తే తెగినచోట వాస్తుంది. వాస్తే మళ్లీ కాలు ఎక్కదు. ఈ సంగతి పట్టాభి గారికి చెబుదామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను.

జులై 26, సాయంత్రం ఆరు

పదింటికి రమ్మన్నారు. గేటు దాకా ఆయన నడిచే వెళ్లారు. లోపల ప్లాస్టిక్ కవరు కూడా తీయని కొత్త వీల్‌చైర్. పక్కగదిలో కాలు విప్పారు. దాన్ని తువ్వాలులో చుట్టి చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లీడర్ గారు ఒంటిగంటన్నరకు వచ్చారు. మూడున్నర గంటలు! ఖాళీ ప్యాంటు మడిచి పిన్నీసు పెట్టారు. అది చాలదన్నట్టు పట్టాభి గారు కెమెరాకు కనబడేలా ఇంకాస్త పైకి మడిచారు.

లీడర్ గారు మైకులో, దేశం కోసం కాలిచ్చి మళ్ల లేవలేని మన తమ్ముడు సైదులు, గీ తమ్మునికి చక్రాల కుర్చీ ఇస్తున్న అన్నారు.

మళ్లీ లేవలేడట. పొద్దున నడిచి వచ్చిన మనిషి.

ఉద్యోగం ఊసే లేదు. ఆయన తలెత్తి, సార్, నౌకరి సంగతి అన్నారు. అప్పుడే శాలువా కప్పారు. ఆ మాట శాలువా కిందే ఉండిపోయింది.

నాకేమైందో తెలియదు. నలుగురిలో మంచినీళ్లడగాలన్నా సిగ్గుపడేదాన్ని, ఆ తువ్వాలు మూటతో మెట్లెక్కి స్టేజీ మీదికి వెళ్లిపోయాను. ఆయన ముందు కూర్చుని పిన్నీసు తీసి, తెగినచోట తొడుగు వేసి, కాలు పెట్టాను. ఎక్కలేదు. వాచిపోయింది. నెట్టాను. ఆగే, నొస్తుంది అని ఆయన పళ్లు బిగించారు. ఇప్పుడైనా వీళ్లకు సిగ్గేస్తుందనుకున్నాను.

చూడుండ్రి, భారత నారి అంటే గిట్లుండాలె, భర్త పాదసేవ అంటే గిదీ అన్నారు లీడర్ గారు. నా తలమీద చేయి పెట్టారు. చప్పట్లు. ఈలలు కూడా.

కిందికి దిగగానే ఆ కుర్చీ పట్టాభి గారు తీసేసుకున్నారు. తర్వాత ఇంకో ఇద్దరికి ఇవ్వాలట, అదే కుర్చీ. ఆటో దాకా ఆయన నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ వచ్చారు.

జులై 28

సున్నా గంటలు. పుండు పడింది.

ఆగస్టు 9

ఈరోజు రెండు గంటలు తొడిగారు. ఎల్బీనగర్‌లో మెట్రో పిల్లర్ పక్కన ఫ్లెక్సీ కట్టారని శేషారత్నం గారు ఫోన్‌లో చూపించారు. కింద నేను, నా ముందు ఆయన, మా ఇద్దరికంటే పెద్దగా లీడర్ గారు, నా తలమీద చేయి. ఎంత బాగా వచ్చావో అమ్మాయ్ అన్నారావిడ.

సాయంత్రం పట్టాభి గారి ఫోన్. ఆయన స్నానంలో ఉంటే నేనెత్తాను. మీ ఫోటో భలే తిరుగుతోందమ్మా, పదిహేనున జెండా దగ్గర ఉద్యోగం కాగితం సార్ చేతులమీదుగా ఇప్పిస్తున్నాం, కాకపోతే అదే సీన్ మళ్లీ ఒకసారి, సార్ చేయి పెట్టేదాకా నువ్వు కాళ్ల దగ్గర కూర్చోవాలి అన్నారు.

మేము రాము అన్నాను. ఏంటమ్మా అన్నారు. రాము, ఆ కాగితం పోస్టులో పంపండి, మా ఆయన నడుస్తారు, నడిచే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టొద్దు అన్నాను. కింద ఇంట్లోంచి శేషారత్నం గారు ఏమైందని కేకేశారు. అంత గట్టిగా అన్నానన్నమాట.

అయితే ఉద్యోగం వద్దనుకున్నట్టేనా అని పట్టాభి గారు. ఆయన తడి చేత్తో ఫోన్ తీసుకుని, వద్దనుకున్నట్టే అన్నా అని పెట్టేశారు. ఉద్యోగం పోయిందని ఏడుపొచ్చింది. అబద్ధం ఎందుకు రాయాలి.

ఆగస్టు 17

పొద్దున పదకొండింటికి, పట్టపగలు, కూరగాయల కత్తితో ఆ ఫ్లెక్సీలోంచి మా ఇద్దరినీ కోసి తెచ్చుకున్నాను. హోంగార్డు వచ్చి ఏందమ్మా గిది అంటే, మా ఫోటో మాకు కావాలె అన్నా అని ఆయన నా పక్కనే నిలబడి చెప్పారు. హోంగార్డు ఆ ఫోటోనీ ఆయన కాళ్లనీ చూసి, అటు తిరిగి బస్సులకు చేయూపాడు. లీడర్ గారు ఇంకా అక్కడే ఉన్నారు, రంధ్రం మీద చేయి పెట్టి.

ఫ్లెక్సీ కోసినందుకు కేసు పెడతారట. ఈ పుస్తకం చేతికి చిక్కినవాళ్లు ఈ ఒక్క పేజీ కాల్చేయండి. మిగతావి కాల్చొద్దు.