మన ఇంటికొచ్చిన బయటి మనిషి

లక్ష్మీదేవీ,

ఎట్లున్నావని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. జమ్మలమడుగులో మన ఇల్లు అట్లాగే ఉంది. అమ్మ మంచం మీదే ఉంది, ఎడమ పక్క ఇంకా కదలడం లేదు. ప్రొద్దుటూరులో గుడ్డలంగడి పని మానేశాను. అమ్మకు స్నానం, సంగటి, మాత్రలు, పక్క గుడ్డలు… అన్నీ నేనే.

మొన్న ఆమెను లేపబోయి ఇద్దరం కింద పడ్డాం. ఇక మనిషిని పెట్టక తప్పలేదు.

ఆ మాట ముందు ఎవరన్నారో తెలుసా? నా చెల్లెలు. పులివెందుల నుంచి వచ్చి, నన్ను చూసి ఏడ్చి, "మగోడు ఎంతకని చేస్తాడు?" అంది. ఆరేళ్లు నువ్వు చేస్తుంటే, "వదిన ఉండంగా బయటోళ్లెందుకు" అన్నదీ ఆ నోరే.

నేను మాత్రం తక్కువ తిన్నానా? "దినానికి రెండు గంటలు ఎవురినన్నా పెట్టు మామా, రొంత నడుము వాలుస్తా" అని నువ్వడిగితే, పరువు పోతుందని కసురుకున్నాను. "అట్లయితే నీ పరువును రమ్మను మామా, దుప్పట్లు ఉతుకుతాది" అన్నావు. నవ్వుతూనే అన్నావు.

ఆ దుప్పట్లు ఆరేస్తూనే పడిపోయావు, మళ్లీ లేవలేదు. తల తిరుగుతోందని నాలుగు రోజులుగా చెబుతూనే ఉన్నావు. "నేను ఆసుపత్రికి పోతే అత్తకాడ ఎవురుంటారు?" అన్నావు. నేనుంటానని ఎందుకు అనలేదు నేను?

సరే… మనిషి సంగతి చెబుతాను. కడప నుంచి ఏజెన్సీ వాళ్లు పంపిన పిల్ల గడపలోనే ముక్కు మూసుకుంది. తర్వాత మన దూరపు బంధువు ఒకామె వచ్చింది. చచ్చుబడిన చెయ్యి పట్టుకొని లాగి అమ్మను లేపింది. అమ్మ పెట్టిన కేకకు వీధిలోవాళ్లు వచ్చేశారు.

మూడో మనిషి ఖాసింబీ, ప్రొద్దుటూరామె. కువైట్‌లో తొమ్మిదేళ్లు ఒక ముసలామెను చూసుకుందట. "ఆమె చేతి కూడు తింటావా అమ్మా?" అని చెల్లెలు గొణిగింది. అమ్మ వినిందా… "నొప్పి ల్యాకుండా తిప్పే చెయ్యి ఎవురిదైతే ఏందే" అని కసిరింది.

ఖాసింబీ వచ్చి నాతో మాట్లాడనే లేదు. చేతులు కడుక్కొని, అమ్మను మెల్లగా పక్కకు తిప్పి, వీపు, నడుము, మడమలు అన్నీ చూసింది. తుంటి దగ్గర ఆగింది.

"ఈ పుండు కొత్తది అన్నా. ఆరేండ్లు మంచంలో ఉన్న ఒంటి మీద పాత మచ్చ ఒక్కటి ల్యాదు. ముందు చూసినామె శానా బాగా చూసుకుండాది. ఆమె యాడ?"

గోడ మీది నీ ఫోటో చూపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత తన షరతులు చెప్పింది. "ఆదివారం రాను. మధ్యాన్నం తిన్నాక గంటసేపు పండుకుంటా. పెద్దామెను లేపేటప్పుడు నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యాల." సరే, సరే అన్నాను. పరాయి మనిషి అడగ్గానే అంత సులువుగా వచ్చిన మాట, నీకెందుకు రాలేదు? ఆరేళ్లలో ఒక్క ఆదివారం… ఒక్కటైనా ఇచ్చానా?

నిన్న మధ్యాహ్నం ఆమె అమ్మకు తినిపిస్తుంటే నేను అట్లా వాలాను. కళ్లు తెరిచేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ శుభ్రంగా పడుకొని ఉంది. ఏ అనర్థమూ జరగలేదు. ఊరు ఏమీ అనలేదు. నా ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంది. కడుపునిండా తిన్నాను కూడా. తిన్నాక ఏడుపు ఆగలేదు.

ఆ పుండు మాన్పుతాను, నీకు మాటిస్తున్నాను. కానీ నిన్న నేను పోయిన నిద్ర ఎంత హాయిగా ఉందో నాకిప్పుడు తెలుసు… నన్ను మాత్రం క్షమించొద్దు.

నీ
ఓబులేసు