వద్దన్న ఇరవై రెండు

నాన్నా,

పొయ్యి మీద మినెస్ట్రోనే సూప్ ఉంది, వేడి చేసుకో. నేను లైబ్రరీకి వెళ్తున్నాను.

నేను ఫెయిలయ్యానని ఒర్నెల్లా అత్తకు చెప్పకు. అనాటమీ మౌఖిక పరీక్షలో ముప్పైకి ఇరవై రెండు వేశారు, పద్దెనిమిదికే పాసు. నచ్చని మార్కు వదులుకుని మళ్ళీ పరీక్ష ఇవ్వొచ్చు కదా, అందుకే నేనే వద్దన్నాను. ఫిబ్రవరిలో మళ్ళీ కూర్చుంటాను.

“ఇచ్చింది పుచ్చుకోక ఏంటే ఆ పొగరు? మన వంశంలో కాలేజీ గడప తొక్కిందే నువ్వు, అదీ మెడిసిన్‌కి!” అని నిన్న అరిచావు. ఈసారి ఇంకా తగ్గితే ఈ ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు రాయితీ పోతుందని నాకూ తెలుసు. కానీ చేతి నరాల దగ్గర తడబడ్డాను. రేపు ఎవరి చెయ్యో కోసేటప్పుడు తడబడితే ఎలా?

నివెస్

మరిచాను. సిన్యోరా తోల్దో స్నానాలగదిలో నువ్వు వేసిన టైల్స్‌లో ఒక వరస వంకరపోతే, ఆవిడ “బాగానే ఉందిలే” అంటున్నా వినకుండా పీకి మళ్ళీ వేసింది ఎవరు నాన్నా?