సంజీవప్ప మోకు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైన రోజే, ఆపదలో ఆదుకునే వాలంటీర్లకు మన ఊళ్లో శిక్షణ పెట్టారు. అదీ మన బావి దగ్గరే. నీళ్లింకిపోయాక పూడిక తీయడానికి నువ్వు దిగి, లోపలి చెడుగాలికి పడిపోయిన బావి.

గుమ్మఘట్ట నుంచి వచ్చిన సారు, బావిలో పడిన మనిషిగా చూపే బొమ్మకు తొడగడానికి ఒక పాత చొక్కా కావాలన్నాడు. మనింటికి ఎవరొచ్చారనుకున్నావు? సంజీవప్ప మామ.

"మీ అన్న చొక్కా ఉండాది కదమ్మా. పెట్టెలో పెట్టుకోని ఏం జేస్తారు?" అన్నాడు. అమ్మ పెట్టె తెరిచి నీ గళ్లచొక్కా తీసిచ్చింది.

ఆ రోజు నువ్వు బావిలో ఇంకా మూలుగుతుంటే, బండికి కట్టే కొత్త మోకు పట్టుకుని గట్టు మీద నిలబడింది ఈయనే.

"ఉండాడా, పోయినాడా? ముందు అది చెప్పండప్పా. శవానికి కట్టిన మోకు మళ్లా బండికి పనికిరాదు" అన్నాడు.

మేము చీరలు ముడేసి దించేసరికి నీ మూలుగు ఆగిపోయింది.

ఇప్పుడు వాలంటీర్లకు ఆయనే పెద్ద. అదే మోకు తెచ్చాడు, ఇంకా గట్టిగానే ఉంది. వేరుశనగ పొట్టు కూరి నీ చొక్కా తొడిగిన బొమ్మను బావిలోంచి చకచకా లాగేశాడు.

"శభాష్, మనిషి బతికినాడు!" అన్నాడు సారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. అమ్మ కూడా కొట్టింది.

జనం వెళ్లాక సంజీవప్ప మోకు చుట్టి భుజాన వేసుకున్నాడు.

"మళ్లీ బండికి కడతావా మామా?" అని అడిగాను.

"కట్టకేమమ్మా? ఇది బతికినోణ్ని ఎత్తిన మోకు" అన్నాడు.