నలభై సెకన్లు

కావలి,
18-9-2025, గురువారం.

ప్రియమైన భానుప్రియకు,

దేవుని పేరిట నీ సామ్రాజ్యం అక్క శుభములు తెలిపి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నెల్లూరులో నీవు, మీ ఆయన, పాప క్షేమమని తలుస్తాను. మీ నాన్న పద్మనాభయ్య గారికి మోకాలి నొప్పి తగ్గిందని విన్నాను, సంతోషం. ఇంతటితో మర్యాదలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

సోమవారం నుంచి నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు. నేను ఎత్తలేదు. నీ గొంతు వింటే చెప్పదలచింది చెప్పలేను. వాట్సాప్‌లో రాస్తే సగంలోనే జవాబు పెట్టేస్తావు. కాగితమైతే నన్ను చివరిదాకా రాయనిస్తుంది.

నిన్ను చూస్తే నాకు కుళ్లు, భానూ. ఆడవాళ్ల ప్రార్థన కూడికలో వాక్యం చెప్పేదాన్ని, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. పదకొండేళ్ల కిందట నాయుడుపేట నుంచి డిగ్రీ కాగితాలు పట్టుకుని మా ఆసుపత్రి రికార్డుల గదికి వచ్చావు. డేటాబేస్‌ను క్వెరీతో ఏమని అడిగితే ఏమిస్తుందో, పక్కన కుర్చీ వేయించి నేర్పింది నేను. నా క్యారియర్లో చేపల పులుసు నువ్వు తినవని నీకోసం వేరే కూర తెచ్చేదాన్ని. నాలుగేళ్లకు నెల్లూరులో మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే బాత్‌రూములో కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు వేరు, ఇప్పటిది వేరు.

ఏడాదిగా మా సిస్టం ఎలా ఉందో నీకు తెలుసు. ఓపీ కౌంటర్లో ఓబయ్య రోగి పేరు కొట్టి, టీ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఒక్కో పేరుకు నలభై సెకన్లు. వరస గేటు దాకా పోయేది. సర్వర్ ముసలిదైందన్నాను. వైర్లు మార్పించాను. సూపరింటెండెంటు డాక్టర్ సమాధానం గారు ఓపిక పట్టి పట్టి, నాతో మాటమాత్రమైనా చెప్పకుండా ఆగస్టులో నిన్ను పిలిపించారు.

నువ్వేమో మొదటిరోజు ఒక్క వైరునూ ముట్టుకోలేదు. జవాబుకు ఒక సెకను దాటిన ప్రతి క్వెరీనీ రాసిపెట్టమని డేటాబేస్‌కు పురమాయించి, క్యాంటీన్‌కు వెళ్లి దోసె తిన్నావు. సాయంత్రానికి ఆ చిట్టాలో నూటికి తొంభై ఒకే క్వెరీ. పేరుతో వెతికేది. నేను రాసింది.

అది ఎందుకలా రాశానో నీకు తప్ప ఎవరికి తెలుసు? సముద్రపొడ్డు జువ్వలదిన్నె నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి రెండు పేర్లు. రేషన్ కార్డులో పెంచలమ్మ, చర్చిలో మరియమ్మ. ఒకసారి ఒకటి చెబుతారు, ఇంకోసారి ఇంకోటి. ఇంటిపేరు ముందు కొందరు, వెనక కొందరు. పాత చీటీ దొరక్క ప్రతిసారీ కొత్త నంబరు ఇచ్చేవాళ్లు. అందుకే రెండు పేర్లలోనూ, ఏ మూల ఆ అక్షరాలున్నా పట్టుకొచ్చేలా రాశాను. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. నా జన్మకు నేను చేసిన గొప్ప పని అదేననుకున్నాను.

నువ్వు డేటాబేస్‌నే అడిగావు, ఈ పేరు కోసం ఏ దారిన వెళ్తున్నావని. నాలుగు లక్షల పన్నెండు వేల మంది రికార్డులను మొదటినుంచి చివరిదాకా చదువుతున్నానని చెప్పింది. మొదటి అక్షరం పట్టుకుని వెతికే ఇండెక్స్, ఏ మూలైనా వెతకమంటే పనికిరాదు మరి. ఆ మాట నీకు నేర్పిందీ నేనే, నా క్వెరీ దగ్గర మరిచిందీ నేనే. నువ్వు ప్రతి పేరునూ ముక్కలు చేసి వేరే పట్టికలో పెట్టి, ఏ ముక్క చెప్పినా అదే రోగి నంబరు పలికేలా చేసి, దాని మీద ఇండెక్స్ కట్టావు. రెండోరోజు మధ్యాహ్నానికి, ఓబయ్య పేరు కొట్టి వేలు తీసేలోపే చీటీ తెర మీదికి వచ్చేసింది. ఏందక్కా ఈ పిల్ల, మంత్రమేమన్నా ఏసిందా అని వాడు కౌంటర్లోనే చప్పట్లు కొట్టాడు.

మీటింగులో నువ్వు నన్ను చిన్నబుచ్చి ఉంటే బాగుండేది. నిన్ను తిట్టుకుని ఊరుకునేదాన్ని. అక్క రాసేనాటికి రోగులు పన్నెండు వేలమందే, అప్పటికి అదే సరైన పని అని నన్ను వెనకేసుకొచ్చావు. పుండు మీద కారం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. డాక్టరు గారు గురువును మించిన శిష్యురాలమ్మా అని నవ్వారు. నేనూ నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

ఇక ఈ సోమవారం సంగతి. సిస్టం మళ్లీ నెమ్మదించింది. మళ్లీ అదే నలభై సెకన్లు. ఆ యమ్మ చేసింది మూన్నాళ్ల ముచ్చటేనా అక్కా అని ఓబయ్య అడిగితే, ఏమో నాయనా అన్నాను. అబద్ధం చెప్పను, ఆ క్షణం నాకు కడుపు నిండినట్టయింది. డాక్టరు గారు పిలిచి, మన చర్చి సంఘంవాళ్ల మిగతా రెండు ఆసుపత్రుల పని భానుప్రియకే ఇద్దామనుకున్నాం, ఇప్పుడు సందేహంగా ఉంది, నువ్వే చూసి శనివారంలోగా రిపోర్టు రాసివ్వు అన్నారు. అంటే నీ పేరు నిలబడడం, పోవడం నా కలంలో ఉంది. మంగళవారం రాత్రి భోజనం కూడా రుచిగా తిన్నాను.

బుధవారం ఉదయం జువ్వలదిన్నె నుంచి పోలేరయ్య అనే ఆయన భార్యను ఆటోలో తెచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది, స్పృహ లేదు. పేరు కామమ్మ అన్నాడు. కౌంటర్లో నేనే పేరు కొట్టాను. చక్రం తిరుగుతోంది. లోపల నర్సు లిల్లీ సూదిలోకి మందు ఎక్కించుకుని, చీటీ చూడందే నేను ఎయ్యను సార్ అని డ్యూటీ డాక్టరుకు ఎదురు చెప్పి నిలబడింది. ఆయన కేకలు. పోలేరయ్య నా కిటికీ పట్టుకుని, అమ్మా దండం పెడతా, తొందరగా చూడమ్మా, ఊపిరి అందడంలా అంటున్నాడు. నలభై సెకన్లు ఎంతసేపో నాకు అప్పుడే తెలిసింది. చీటీ వచ్చింది. చర్చి పేరు డెబోరా. రెండేళ్ల కిందటి మాట ఎర్ర అక్షరాల్లో ఉంది: ఈ మందు పడదు, ప్రాణం మీదికి వచ్చింది.

వేరే మందు ఇచ్చారు. ఇప్పుడు లేచి గంజి తాగుతోంది. లిల్లీకి ఓపిక లేకపోయి ఉంటే ఏమయ్యేదో రాయడానికి చెయ్యి రావడం లేదు.

పాపకు ముద్దులు. మీ అమ్మగారు వెంకటశేషమ్మ గారికి నా వందనాలు.

ఇట్లు,
నీకు మొదటి క్వెరీ నేర్పిన
సామ్రాజ్యం

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. నీ పనిలో తప్పేమీ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి చీరతోనే రికార్డుల గదికి వెళ్లి నువ్వు కట్టిన ఇండెక్స్ తీసేసింది నేను. దానికి ఒకే ఒక్క లైను కొడితే చాలింది. బుధవారం కామమ్మ చీటీ వచ్చిన వెంటనే మళ్లీ కట్టాను, మూడు నిమిషాలు పట్టింది. ఈ ఉదయం రిపోర్టు డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. అందులో ఉన్నదీ ఇదే. ఆ రెండు ఆసుపత్రులూ నీకే వస్తాయి. నా కుర్చీ ఉంటుందో లేదో తెలియదు. నిన్ను క్షమాపణ అడుగుదామని నాలుగుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. ఆ రెండు ఆసుపత్రులు నీకే వస్తాయని రాస్తుంటే ఇప్పుడు కూడా గుండెలో మండింది, భానూ. అది చల్లారాక అడుగుతాను.